ఇది అమ్మియా తలుపు

రాళ్ళు చెక్కే పాపిలోస్ దొడ్లో తలుపులన్నీ ప్రహరీకి ఆనుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకునేది కాదు. రోమా ఏలుబడిలోని తెంబ్రిస్ లోయలో ఎవరు పోయినా సమాధి మీద రాతితలుపు నిలబెట్టడం ఆనవాయితీ. రెండు రెక్కలు, తట్టడానికి కడియం, చుట్టూ ద్వారబంధం, అన్నీ ఒకే బండలో, రెండంగుళాల లోతుకి మించకుండా. మగాడైతే పైన నాగలీ ఎడ్లూ చెక్కుతారు. ఆడదైతే దువ్వెన, అద్దం, కదురు, ఉన్నిబుట్ట. పేరు పడాల్సిన చోటు మాత్రం నున్నగా ఖాళీగా వదిలేసేవాడు పాపిలోస్. చలికాలం ముదిరితే ముసలాళ్ళు రాలతారు, పేర్లు వాటంతటవే వస్తాయి.

మెనోగెనెస్‌కి ఆ దొడ్లో అడుగుపెడితే ఒళ్ళు మండేది. అతను అప్పియా ఊరి సభకి గుమస్తా. గ్రీకు తప్పుల్లేకుండా రాస్తాడు, పద్యం కడతాడు. అక్కడ పేరు పడిన ఏ రాయి చూసినా రాతలో తప్పే. పైగా ప్రతివాడూ ఔరేలియస్సే! మూడేళ్ళ కిందట చక్రవర్తిగారు అందరినీ ఒకేసారి రోమా పౌరుల్ని చేసి, తన ఇంటిపేరు పంచిపెట్టాడు. అప్పట్నుంచీ గొర్రెలు కాసేవాడు ఔరేలియస్, బొచ్చు కత్తిరించేవాడు ఔరేలియస్, కాళ్ళకంటిన పేడైనా కడుక్కోకుండా సమాధిలోకి పోయేవాడూ ఔరేలియస్.

అతనూ ఔరేలియస్సే, అదే లెక్కన. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం ముఖం చిట్లించుకునేవాడు.

"మీ అత్తగారికి ఏం పెట్టమంటావు గుమస్తా?" అన్నాడు పాపిలోస్, ఉలి పదును వేలితో చూసుకుంటూ. "కదురు ఉండాల్సిందే. నలభై ఏళ్ళు వడికింది మహాతల్లి. దువ్వెన కూడా పెడతాను. మంచి జుట్టుండేది అమ్మియాకి."

"కదురూ వద్దు, దువ్వెనా వద్దు. సంతలో దుకాణంలా ఉంటుంది."

"మరి ఎవరి సమాధో జనానికి తెలిసేదెట్టా? చదవడం వచ్చినోడు ఈ లోయలో నువ్వొక్కడివేగా."

"నా పద్యం ఉంటుంది."

"ఓహో. పోయింది అత్తగారు, పద్యం అల్లుడిది," అన్నాడు పాపిలోస్. "గంజి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు దొరికాడన్నమాట."

ముసలాడి నోటికి తాళం లేదు. మెనోగెనెస్ విననట్టు దొడ్డంతా కలయతిరిగాడు. మూల, కట్టెల మోపు వెనక, ఒక బండ ముఖం గోడవైపు తిప్పి ఉంది. అంచు చూస్తేనే తెలిసిపోయింది, ఇక్కడి బూడిదరంగు రాయి కాదది. పాలమీగడలాంటి చలువరాయి.

"అదేమిటి?"

"అమ్మేది కాదు."

"ఇటు తిప్పు."

"పదకొండేళ్ళుగా అట్టాగే ఉంది, ఉండనీ."

ఆ దొడ్డి స్థలం ఊరి సభది. ఏటా దాన్ని పాపిలోస్‌కి రాసిచ్చే పత్రం మెనోగెనెస్ చేతి మీదుగా పోతుంది. ఆ మాట అతను నోటితో అనలేదు, తలుపులు ఎన్నున్నాయో వేలితో లెక్కపెడుతూ నిలబడ్డాడంతే. పాపిలోస్ ఉమ్మేసి, నలుగురు కూలీల్ని పిలిచాడు.

రాయి ఇటు తిరిగేసరికి మెనోగెనెస్ దగ్గరకెళ్ళి వంగి చూశాడు. అంత పనితనం లోయలో ఎవడికీ లేదు. చెక్కకుండే చారలు కనిపిస్తున్నాయి. మేకుల తలలు వేలికి తగిలేలా ఉన్నాయి. కానీ పేరు లేదు. ముఖం లేదు. నాగలి, కదురు, ఏ వస్తువూ లేదు. తలుపు. దాని అడుగున ఒకే ఒక్క వరస అక్షరాలు.

"పై కొండమీద ఒక కమతం ఉండేది," అన్నాడు పాపిలోస్. "పదమూడు మంది ఉండేవారు. ఒక చలికాలంలో లేకుండా పోయారు. చచ్చారని నేననను. శవాలు ఎవరూ చూళ్ళేదు. తర్వాత వచ్చినోడు నాగలికి అడ్డమొస్తోందని దీన్ని పీకి నా దొడ్లో పడేసిపోయాడు. ఆ కింద ఏం రాసుందో నాకు తెలీదు. నేను గీతలు చూసి చెక్కేవాణ్ణి."

"గొడ్లసావిట్లో మాట్లాడుకునే పాత భాష," అన్నాడు మెనోగెనెస్. "అర్థం పర్థం లేదు."

అబద్ధం. అక్షరం అక్షరం అర్థమైంది అతనికి. అతని తల్లి మెల్తీనె ఆ భాష తప్ప వేరే మాట ఎరగదు. కొండ అంచున పిడకలు చరిచి అమ్మేది. పన్నెండో ఏట ఊళ్ళోకొచ్చి ఒక లేఖకుడి ఇంట్లో చేరాక, తనకి తల్లి లేదనీ, తాతగారు ఐజనోయి పట్నంలో సభాసదుడనీ చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అదే నిజమై కూర్చుంది. ఆమె పోయిన కబురు వచ్చిన రోజు సభలో పని ఉందని వెళ్ళలేదు. ఆమెకి రాయి లేదు, ఏ రాయీ లేదు.

అడుగున ఉన్నది ఒకే మాట, మూడుసార్లు. ఇది గోడ. ఇది గోడ. ఇది గోడ.

మెనోగెనెస్‌కి నవ్వాగలేదు. తలుపు చెక్కించుకుని గోడ అని రాసుకున్నారు! మొద్దు మనుషులు. దున్నపోతుకి కూడా తలుపుకీ గోడకీ తేడా తెలుసు.

"ఇదే కావాలి. ఆ కింది వరస తీసెయ్, పైన నా పద్యం చెక్కు."

"పద్యం చెక్కుతాను," అన్నాడు పాపిలోస్. "ఆ వరస నా చేత్తో తియ్యను."

"ఎందుకని?"

"ఎవడో అక్షరమ్ముక్క తెలిసినోడు, ఇంత మంచి పనోడు, రాయి చివర ఊరికే రాయడు."

మెనోగెనెస్ పళ్ళు కొరుక్కుని తనే ఉలి అందుకున్నాడు. కలం పట్టే చేతులు. రెండు పూటలు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కాయి. చలువరాయి పొడికి వాసన ఉండదు. దీనికుంది. ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న గది తెరిస్తే వచ్చే వాసన... చల్లారిన బూడిద, తడిసిన ఉన్ని, మనుషుల చెమట.

ఆ చోటికి పైన పద్యం వచ్చింది. అది చూసుకుని మెనోగెనెస్ మురిసిపోయాడు.

బాటసారీ, ఆగు. ఇది అమ్మియా తలుపు. సభాలేఖకుడు, సకల విద్యలూ ఎరిగిన ఔరేలియస్ మెనోగెనెస్ నిలిపిన తలుపు. జంకక తట్టు. లోపలివారు పలుకుతారు.

తొమ్మిదోనాడు చుట్టాలంతా సమాధి దగ్గర చేరారు. రొట్టె, బార్లీ జావ, ద్రాక్షసారా తెచ్చారు. పద్యాన్ని మెనోగెనెస్ రాగం తీసి చదివాడు. ఒక ముసలమ్మ పక్కనున్నామె చెవిలో, "ఏవిటే, కదురు ఏదీ?" అని గొణిగింది. ఇంకొకతను ఆవలించాడు. వీళ్ళ ముందు పద్యం చదవడం గొర్రెల ముందు వీణ వాయించడమే అనుకున్నాడు మెనోగెనెస్.

అతని భార్య బాబెయిస్ మాత్రం రాయి ముందు చాలాసేపు నిలబడింది. ఎర్రంచు కంబళి తలమీదుగా కప్పుకుని. ఇంటికొచ్చాక అంది.

"అమ్మది అని ఏదీ లేదు దాని మీద."

"పేరుంది కదా."

"పేరు చదవడం నాకు వచ్చా?"

"రాకపోవడం నా తప్పా? నేర్చుకోమంటే కదురు పట్టుకుని కూర్చుంటావు."

అతని ఇంట్లో పాత భాష మాట్లాడకూడదని నియమం. ఆమెకి గ్రీకులో కోపగించుకోవడం అంతగా రాదు. అందుకని గొడవలన్నీ అతనే గెలిచేవాడు.

మర్నాడు పొద్దున బాబెయిస్ సమాధి మీద రొట్టె పెట్టడానికి వెళ్ళింది. తిరిగొచ్చి వసారాలో కూర్చుంది.

"నిన్నటి రొట్టె లేదు."

"కుక్కలు."

"తలుపు ముందు బురదలో గీత ఉంది. వంపుగా. మన వాకిలి తలుపు ఈడిస్తే పడుతుందే, అట్టాంటి గీత."

మెనోగెనెస్ నవ్వాడు. పాపిలోస్ గాడి వేళాకోళం. అయినా మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి చూశాడు. గీత ఉంది. కొడవలిలా వంపు తిరిగి, తాజాగా, తడిగా. రాయి ఎనిమిది మంది మోస్తే గానీ కదలదు. చుట్టూ అడుగులేమీ లేవు, బాబెయిస్‌వి తప్ప. రాతి మీద చెయ్యి వేశాడు. మంచు పడే రోజుల్లో చలువరాయి చెయ్యి కొరకాలి. కొరకలేదు. పొయ్యి అవతల ఉన్న గోడలా గోరువెచ్చగా ఉంది.

ఎండకి కాగి ఉంటుంది అనుకున్నాడు. ఆరు రోజులుగా ఎండ లేదు.

తర్వాత బాబెయిస్ రోజూ వెళ్ళేది. వస్తూ ఒకరోజు ఉన్ని దారం ఉండ తెచ్చింది. సన్నగా, ముడి లేకుండా, నల్ల గొర్రె ఉన్ని. వాళ్ళకి నల్ల గొర్రెలు లేవు.

"ఎక్కడిది?"

"ఆ రాతిగడప మీద ఉంది. అమ్మ పోగు ఇట్టాగే ఉండేది."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

ఆమె దారపు ఉండను చేతిలో తిప్పుతూ, గోడతో మాట్లాడుతున్నట్టు అంది. "లోపల చాలామంది ఉన్నారు. అమ్మ అందరికంటే వెనక ఉంది. ముందుకి రాదు. చెయ్యి ఊపుతుంది..."

"ఏమని?"

"రమ్మనో, పొమ్మనో. తెలీట్లేదు."

మెనోగెనెస్‌కి భయం వేసింది. దాన్ని కోపంగా మార్చుకున్నాడు. కొండజాతి మూఢత్వం, మా ఇంట్లోకి కూడా వచ్చింది, రేపట్నుంచి గడప దాటితే ఊరుకోనన్నాడు. ఆమె సరేనని తలూపింది.

మర్నాడు లోయంతా పొగమంచు. మిట్టమధ్యాహ్నం అయినా పక్కింటి కప్పు కనపడటం లేదు. మెనోగెనెస్ సభ నుంచి భోజనానికి వచ్చేసరికి పొయ్యి మీద జావ అడుగంటి మాడుతోంది. బాబెయిస్ లేదు.

తిట్టుకుంటూనే బయల్దేరాడు. సమాధుల దారిలో మంచు ఉన్నిలా ముఖానికి అంటుకుంటోంది. కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కాకి లేదు, కుక్క లేదు. తర్వాత వినిపించింది.

టక్.

రాయి మీద రాయి.

టక్... టక్...

తడుతున్నారు. కడియంతో. కానీ చప్పుడు బోలుగా ఉంది. ఇటు నుంచి కాదు... అటు నుంచి.

"బాబెయిస్?"

చప్పుడు ఆగింది. మంచులోంచి రాయి తెల్లగా బయటపడింది. ముందు ఎవరూ లేరు. రెండు రెక్కల మధ్య, ఉలి గీసిన గీత మాత్రమే ఉండాల్సిన చోట, ఎర్రంచు కంబళి కొస వేలాడుతోంది. రాతిలోంచి. పట్టుకుని లాగాడు. రాలేదు. గీతలోకి గోరు పెట్టి చూశాడు. సందు లేదు. గోరు కూడా దూరదు. గుడ్డ మాత్రం లోపలికి పోయి ఉంది.

పాపిలోస్ దొడ్డి రెండు వందల అడుగుల దూరం. ఎలా పరిగెత్తాడో, ఏమని అరిచాడో అతనికే తెలీదు. ముసలాడు వచ్చి, గుడ్డ చూసి, రాయి చూసి, తల మీది టోపీ తీసేశాడు.

"ఆ వరసలో ఏముంది?"

"నాకు తెలీ..."

"ఒరేయ్," అన్నాడు పాపిలోస్. అంత నెమ్మదిగా అతనెప్పుడూ మాట్లాడలేదు. "నీ ఆలి లోపలుంది. ఏముందో చెప్పు."

"ఇది గోడ అని. మూడుసార్లు."

పాపిలోస్ భుజాన ఉన్న సంచీ దించాడు. "తలుపు చెక్కినోడు కింద గోడ అని సరదాకి రాసుకున్నాడనుకున్నావా? ఆ కమతం వాళ్ళు లోపలుండి మూసి పెట్టుకున్నారురా. నువ్వది గీకేసి, తలుపని రాశావు. తట్టమన్నావు. పలుకుతారని కూడా రాశావు. ఊళ్ళో చదువుకున్నోడివి నువ్వొక్కడివి!" సంచీలోంచి ఉలి తీశాడు. "మట్టిలో రాయి. అక్షరాలు చూసి చెక్కుతాను."

మెనోగెనెస్ వేలితో బురదలో రాశాడు. పాపిలోస్ రాయి అడుగున మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆగు! బాబెయిస్ లోపలే..."

"మూడు మాటలు చెక్కాలి. మూడోది అయ్యేలోపు రప్పించుకో. నేను మాత్రం ఆపను. వాళ్ళు బయటికొస్తే నీ ఒక్క ఇంటితో పోదు."

ఉలి మోగింది. మెనోగెనెస్ రాతికి నోరు ఆనించాడు.

"బాబెయిస్... నేనే. వచ్చెయ్."

లోపల ఊపిరి పీల్చిన చప్పుడు. ఒకరిది కాదు.

"ఎవరూ?" పాత భాషలో. మగగొంతు, ముసలిది, నోట్లో మట్టి ఉన్నట్టు.

మెనోగెనెస్ గ్రీకులో, సభలో అలవాటైన గొంతుతో చెప్పాడు. "ఔరేలియస్ మెనోగెనెస్. అప్పియా సభ లేఖకుణ్ణి."

లోపల ఆ మాట నోటినోటికీ పాకింది. "ఔరేలీ... ఔరేలియో..." పిల్లల గొంతులు, ఆడగొంతులు, తడుముకుంటూ, తప్పుగా పలుకుతూ. ఎవరో కిసుక్కున నవ్వారు.

మొదటి మాట అయింది. ఉలి పక్కకి జరిగింది.

"ఎవరి కొడుకువి?"

ఈ లోయలో ఏ కొత్తవాణ్ణైనా మొదట అడిగే ప్రశ్న. మెనోగెనెస్ పెదాలు తడుపుకున్నాడు. నోరు తనకి అలవాటైనదే చెప్పింది. "ఐజనోయి సభాసదుడి మనవణ్ణి. మా తండ్రిగారు..."

కంబళి జానెడు లోపలికి పోయింది. అతని పిడికిట్లోంచే, మెత్తగా, ఎవరో అటువైపు నుంచి చుట్టచుట్టుకుంటున్నట్టు.

"ఎవరి కొడుకువి?"

"చెప్పానుగా, ఐజనోయి..."

ఇంకో జానెడు. ఇప్పుడు ఎర్రంచు మాత్రమే మిగిలింది. రెండో మాట అయిపోయింది. పాపిలోస్ తల ఎత్తలేదు. "త్వరగా కానీ," అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"ఎవరి... కొడుకువి?"

మెనోగెనెస్ నుదురు రాతికి కొట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా మాట్లాడని భాష గొంతులో ముల్లులా అడ్డంపడి, చివరికి ఊడిపడింది.

"మెల్తీనె కొడుకుని! పిడకలమ్మే మెల్తీనె కొడుకుని. మా అమ్మకి నేను రాయి పెట్టలేదు. నా పెళ్ళాన్ని ఇచ్చెయ్యండి."

తర్వాత దూరంగా, చాలా వెనకనుంచి, ఒక ఆడగొంతు ఏదో అంది. మిగతా గొంతులు పక్కకి జరిగినట్టయింది. రాయి ఈడ్చిన చప్పుడు అతని పళ్ళలో మోగింది. మంచులో ఏది ఎటు కదిలిందో కనపడలేదు. తడి ఉన్ని వాసన గుప్పుమని ముఖాన కొట్టింది. ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

చల్లగా ఉంది. అయినా బలంగా పట్టుకుంది.

రెండు చేతులా పట్టి, కాలు ద్వారబంధానికి తన్ని, ప్రాణమంతా పెట్టి లాగాడు. కళ్ళు మూసుకుపోయాయి. ఏదో జారింది. వెల్లకిలా బురదలో పడ్డాడు. మీద బాబెయిస్. ఎక్కడో ఉలి చివరి దెబ్బ పడింది.

"అయిపోయింది," అన్న పాపిలోస్ గొంతు మంచులోంచి పలచగా వినిపించింది. "పొండి. వెనక్కి చూడకండి."

చూడలేదు. ఆమెని పొదివి పట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఎవరూ ఎదురుపడలేదు. పొయ్యి వెలిగించాడు. ఆమె పాదాలు వేడినీళ్ళతో కడిగాడు, పెళ్ళైన తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఆమె జావ తాగింది, ఏమీ మాట్లాడలేదు. అతను మాత్రం ఆగకుండా మాట్లాడాడు, పాత భాషలో. రేపే పాపిలోస్ దగ్గరకెళ్ళి అమ్మియాకి కదురు చెక్కిస్తానన్నాడు. తన తల్లికి ఒక రాయి, చిన్నదైనా సరే, పిడకల బుట్ట బొమ్మతో, పద్యం లేకుండా. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. చీకటి పడకముందే ఇద్దరూ నిద్రపోయారు.

తెల్లారి లేచేసరికి బాబెయిస్ అప్పటికే పొయ్యి ముందు కూర్చుని ఉంది, వీపు ఇటు తిప్పి. కిటికీలో మంచు ఇంకా తెల్లగా నిలబడి ఉంది. మెనోగెనెస్‌కి గుండె తేలిగ్గా ఉంది. పాపిలోస్ దొడ్డికి బయల్దేరుతూ, గడియ తీయడానికి తలుపు మీద చెయ్యి వేశాడు.

గోరువెచ్చటి రాయిలా నున్నగా ఉన్న చెక్క మీద చెయ్యి జారింది. పైనా, కిందా, రెండు పక్కలా తడిమాడు.

"బాబెయిస్... ఈ తలుపు గడియ ఏదీ?"

"బయటుంది," అంది ఆమె, ఇటు తిరక్కుండానే. "ఎప్పుడూ అక్కడేగా ఉండేది."